ఎగిరేది గద్దా.. రాబందా?

బెజ్జూరు: ఎండ ముదిరే వేళ గుట్టల మీదుగా గిరికీలు కొట్టే పెద్ద పక్షి ఏదైనా పల్లె జనానికి గద్దే. మామూలు చోట్ల ఈ పిలుపుతో వచ్చే నష్టమేమీ లేదు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని పాలరాపుగుట్ట పరిసరాల్లో మాత్రం పరిస్థితి వేరు. 2013లో ఇక్కడ పొడవు ముక్కు రాబందులు వెలుగు చూశాయి. పశువులకు వాడిన డైక్లోఫినాక్ మందు కళేబరాల ద్వారా ఒంట్లో చేరడంతో 1990వ దశకం నుంచి దేశంలో ఈ జాతి తొంభై శాతానికి పైగా తుడిచిపెట్టుకుపోయింది. పశువైద్యంలో ఆ మందును 2006లో నిషేధించారు. మిగిలినవి ఇంత తక్కువైనప్పుడు ఒక గద్దను రాబందుగా రాసుకున్నా, ఒక రాబందును గద్ద అని వదిలేసినా లెక్క తారుమారవుతుంది.

పోల్చుకోవడంలో చాలామంది మొదట నమ్మేది రంగును. మోసం చేసేదీ అదే. వెలుతురు పక్షి వెనుక ఉండటంతో కింద నిలబడిన వారికి గోధుమ వన్నె సైతం నలుపుగానే తోస్తుంది. వయసుతో మరో చిక్కు. తెల్లని తల, ఇటుక రంగు మేనితో సులువుగా గుర్తుపట్టగలిగే గరుడ పక్షి సైతం పిల్ల దశలో అచ్చం నల్ల గద్దలాగే ఉంటుంది. కోకిల జాతి పిట్ట ఒకటి ఎగిరే తీరులో జాలె డేగను తలపించి సాటి పక్షులనే బెదరగొడుతుందంటే మనిషి పొరబడటంలో వింతేముంది?

పరిమాణమూ అంతే. రాబందు రెక్కలు చాపితే దాదాపు ఏడడుగులు, గద్దవి సుమారు ఐదడుగులు. అయితే ఆకాశంలో కొలతకు పక్కన చెట్టు గానీ ఇల్లు గానీ ఉండదు. దగ్గరలోని గద్ద, ఎంతో ఎత్తున ఉన్న రాబందు ఒకే మేర కనిపిస్తాయి.

ఇక మిగిలేవి ఆకారం, కదలిక. నల్ల గద్ద తోక చివర చీలి ఉంటుంది. పూర్తిగా విప్పినప్పుడు ఆ చీలిక కనబడదు. అయినా తోకను చుక్కానిలా అదే పనిగా అటూ ఇటూ తిప్పే అలవాటు దానిని పట్టిస్తుంది. రాబందు తోక పొట్టిది. పలకల్లాంటి వెడల్పాటి రెక్కల కొసలు వేళ్లలా విడివడి ఉంటాయి. వేడిగాలిపై తేలుతూ నిమిషాల తరబడి రెక్క ఆడించదు.

ఆ వేడిగాలి లేచేది పొద్దెక్కాకే. అంతవరకు రాబందులు కొండ అరుగులపైనే కూర్చుంటాయి. వాటి రెట్టలతో తెల్లబారిన రాతి చారలు దూరానికే కనిపిస్తాయి. బోసి మెడ, పొడవాటి ముక్కు దుర్భిణిలో స్పష్టంగా తెలిసే ఆ ఉదయపు వేళే లెక్కకు అనువైనది.