గుండె చదువుకు పది వారాలు

గత నెల శనివారపు తెలుగు తరగతి ముగిసిన పిమ్మట ఒక తల్లి మా వద్దకు వచ్చి, "టీచరుగారూ, మా అబ్బాయి అమెరికాలో గుండె పరిశోధన అని ఏదో కాగితం చూపిస్తున్నాడు. వేసవిలో నేర్పిస్తారట, డబ్బు కూడా ఇస్తారట. మోసం కాదు గదా?" అని అడిగారు. మోసం కాదు. ఆమెకు అక్కడే నిలబడి రెండు మాటలు చెప్పాము గాని, మన పత్రికలో కొంచెం వివరంగా వ్రాయాలని తోచింది.

అమెరికాలో వైద్య పరిశోధకులలో నల్లజాతివారు, స్పానిష్ భాషా వర్గాలవారు, ఆ దేశపు ఆదివాసులు జనాభాలో తమ పాలుకన్న చాల తక్కువ. ఆ లోటు తీర్చడానికి అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థలలో గుండె, ఊపిరితిత్తులు, రక్తం సంగతులు చూచే విభాగం విశ్వవిద్యాలయాలకు ధనసహాయం చేస్తూ వచ్చింది. డిగ్రీ ఇంకా పూర్తికాని విద్యార్థిని జూన్ నుండి ఆగస్టు వరకు సుమారు పది వారాలు ఒక ప్రయోగశాలలో గురువు ప్రక్కన ఉంచుతారు. (వేసవి అనగానే డర్బన్‌లో మనకు డిసెంబరు గుర్తుకు వస్తుంది, వారి వేసవి మనకు చలికాలం.) భత్యం ఇస్తారు. ఇది చిన్న సంగతి కాదు. సెలవులలో కొట్టులో పనిచేసి ఫీజు కట్టుకునే పిల్లవాడు ఊరకే పది వారాలు నేర్చుకోలేడు.

అక్కడ ఏమి చేస్తారు? ఒక్క ఉదాహరణ చెబుతాము. 1895లో ఆస్కర్ లాంగెన్‌డోర్ఫ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు చూపిన పద్ధతి నేటికీ వాడుకలో ఉంది. ఎలుక గుండెను తీసి, దాని పెద్ద ధమనికి సన్నని గొట్టం కట్టి వ్రేలాడదీస్తారు. ప్రాణవాయువు కలిపిన గోరువెచ్చని ఉప్పుద్రావణాన్ని ఆ గొట్టంలో పంపుతారు. ఆ ద్రావణం వెనుకకు నెట్టడంతో గుండె కవాటం మూసుకుంటుంది. ద్రావణం గుండె కండరాన్ని పోషించే చిన్న నాళాలలోకి పోతుంది. అప్పుడా గుండె ఒంటికి బయటనే కొన్ని గంటలు కొట్టుకుంటుంది. మెదడు ఆజ్ఞ అక్కరలేదు, గుండెకు తన తాళం తనకే ఉన్నది. ద్రావణాన్ని అరగంట ఆపి మళ్ళీ వదిలితే అదే మన గుండెపోటు. ఎంత కండరం చచ్చింది, ఏ మందు ఇస్తే కొంత మిగిలింది అని విద్యార్థి కొలుస్తాడు.

పుస్తకంలో ఈ బొమ్మ ఎవరైనా చూడవచ్చు. ముడి వదులైతే గుండె ఆగిపోతుందని, ఆగితే రేపు మళ్ళీ మొదలుపెట్టాలని మాత్రం ప్రక్కన ఒకరు నిలబడి చూపితేనే తెలుస్తుంది.

ఇక్కడ వివియన్ థామస్ కథ చెప్పక తప్పదు. ఆయన వడ్రంగి కొడుకు, నల్లజాతివాడు. డాక్టరు కావాలని కూడబెట్టిన సొమ్ము ఆర్థిక మాంద్యంలో బ్యాంకుతో పాటు పోయింది. 1930లో వాండర్‌బిల్ట్‌లో ఆల్‌ఫ్రెడ్ బ్లేలాక్ అనే డాక్టరు ప్రయోగశాలలో చేరి శస్త్రచికిత్స నేర్చుకున్నాడు. కొలువు పట్టికలో మాత్రం ఊడ్చే పనివాడు. తరువాత ఇద్దరూ జాన్స్ హాప్‌కిన్స్‌కు వెళ్ళారు. పుట్టుకతో నీలిరంగు తిరిగే పసిపిల్లలకు ఊపిరితిత్తులకు రక్తం చాలదు. వేరొక నాళం కలిపి రక్తం పంపాలని హెలెన్ టాసిగ్ అనే వైద్యురాలు కోరారు. ఆ కుట్టు ఎలా వేయాలో కుక్కలమీద సాధించినది థామస్. 1944 నవంబరు 29న పదిహేను నెలల పాపకు ఆపరేషన్ జరుగుతుంటే, బ్లేలాక్ భుజం వెనుక ముక్కాలిపీట మీద నిలబడి ఆయనే సలహా చెప్పాడు. చికిత్సకు మాత్రం బ్లేలాక్, టాసిగ్ పేర్లే పెట్టారు. థామస్ చిత్రపటం ఆ ఆస్పత్రికి చేరింది 1971లో, గౌరవ డాక్టరేటు వచ్చింది 1976లో.

గురువు దొరికాడు, పేరు దొరకలేదు. ఈ వేసవి చదువులలో మాకు నచ్చినది ఇదే: చివరి వారం విద్యార్థి తాను చేసినది పెద్ద అట్టమీద వ్రాసి, తన పేరు పైన పెట్టి, పండితుల ప్రశ్నలకు తానే జవాబు చెబుతాడు.

మన ఇళ్ళలోనూ ఇట్టి కథలు ఉన్నాయి. తెల్లవారు కానివారి కోసం 1951లో డర్బన్‌లో వైద్యకళాశాల తెరిచేదాకా ఈ ఊరి పిల్లలు డాక్టరు చదువుకు దూరం పోవలసి వచ్చేది. మా చిన్ననాటి బడిలో తరగతికంతా ఒకే మైక్రోస్కోపు. దానిని ముట్టుకోనిచ్చేవారు కారు.

ఎవరు పరిశోధిస్తారన్నదానిని బట్టే ఎవరిని లెక్కిస్తారన్నది కూడ. గుండెజబ్బుకు కారణాలు వెదకుతూ 1948లో ఫ్రేమింగ్‌హామ్ ఊరిలో మొదలైన పెద్ద పరిశీలనలో దాదాపు అందరూ తెల్లవారే. మిసిసిపీలోని జాక్సన్‌లో 5,300 మందికి పైగా నల్లజాతివారితో అట్టి పరిశీలన 2000లో గాని మొదలు కాలేదు. దానికి తోడుగా టూగలూ కళాశాల విద్యార్థులకు శిక్షణ ఏర్పరచారు.

ఇక ఆ తల్లి ప్రశ్నకు వస్తాము. ఆ ప్రభుత్వ సహాయం అమెరికా పౌరులకు, అక్కడ స్థిరనివాసం పొందినవారికి మాత్రమే. పైగా అక్కడ భారతీయ సంతతివారిని ఈ వర్గాలలో చేర్చరు. డాక్టర్లలో మనవారు ఇప్పటికే ఎక్కువ గదా! పైగా అబ్బాయి చూపిన కాగితం పాతది. 2025లో అక్కడి ప్రభుత్వం వర్గాలను చూచి ఇచ్చే ఇట్టి సహాయాలను అనేకం రద్దు చేసింది, కొన్ని కోర్టుకెక్కాయి.

అబ్బాయి ముఖం చిన్నబోయింది. మా పాత విద్యార్థిని ఒకామె ఇక్కడి విశ్వవిద్యాలయంలో శరీరధర్మశాస్త్రం చెబుతున్నారు; ఆమెకు జాబు వ్రాశాము. జూలై సెలవులలో మూడు వారాలు పంపమన్నారు. మొదటి వారం గాజుసామాను కడగడమేనట. భత్యం లేదు, బస్సు ఖర్చు మా తరగతి డబ్బాలోనుండి ఇస్తున్నాము. "కడగడానికి అంత చదువెందుకండీ?" అని తల్లి నవ్వారు గాని, తెల్లకోటు అప్పుడే కుట్టించేశారు.