ఇంజిన్ వేడికి నిలిచే రంగు: కొన్ని విశేషాలు

మద్రాసులో తయారై 1961లో రోడ్డెక్కిన స్టాండర్డ్ హెరాల్డ్ కారుకి బానెట్, రెండు మడ్‌గార్డులు, హెడ్‌లైట్లు అన్నీ కలిపి ఒకటే ముక్క. దాన్ని ముందుకి వంచి ఎత్తితే ముందు చక్రాలతో సహా ఇంజిన్ అంతా బయటపడుతుంది. అలాంటి పాత బండిని ముచ్చటపడి బాగుచేయించుకునేవాళ్లకి బయటి రంగు ఎంతో ఇంజిన్ రంగూ అంతే.

అయితే ఇంజిన్ అంతటికీ ఒకే డబ్బా కొంటే డబ్బు దండగ. నీళ్లతో చల్లబడే ఇంజిన్‌లో బ్లాకు బయటి గోడ ఇంచుమించు రేడియేటర్ నీళ్లంత వేడిగా, అంటే 90 నుంచి 110 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. దానికి మంచి ఇంజిన్ ఎనామెల్ చాలు. తిరువొత్తియూరులో తయారైన బుల్లెట్ మోటారుసైకిల్‌కి ఉన్నలాంటి గాలితో చల్లబడే ఇంజిన్‌లో హెడ్ 200 డిగ్రీల దాకా పోతుంది. ఇక కారు బ్లాకుకి జానెడు దూరంలో ఉండి, ఇంజిన్ పొగని బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ సంగతి వేరు. పెట్రోలు బండి బరువుతో ఎత్తు ఎక్కుతుంటే అది 600 డిగ్రీలు దాటగలదు. మామూలు ఎనామెల్ అక్కడ ముందు పసుపుపచ్చగా మారుతుంది. తరవాత గోధుమరంగుకి తిరిగి, పొక్కులు లేచి, చివరికి పెచ్చులుగా రాలిపోతుంది. కొన్నాళ్లు బానెట్ కింద మాడు వాసన అదనం.

దిగుమతి స్ప్రే డబ్బా మీద 1200 అంకె చూసి మురిసిపోకండి. చాలాసార్లు అది ఫారెన్‌హీట్ లెక్క. మన లెక్కలో 650 డిగ్రీలే. ఆ వేడిని గంటలకొద్దీ తట్టుకుంటుందా, కాసేపే ఓర్చుకుంటుందా అన్నది కూడా డబ్బా మీద చదవాలి.

వేడెక్కిన ఘనపదార్థం ఏదైనా సుమారు 525 డిగ్రీల దగ్గర చీకట్లో ఎర్రగా కనిపించడం మొదలుపెడుతుందని 1847లో అమెరికా శాస్త్రవేత్త జాన్ విలియం డ్రేపర్ తేల్చాడు. రాత్రిపూట ఆగిన బండి మానిఫోల్డ్ కొద్దిగా ఎర్రబడి కనిపించిందంటే, 300 డిగ్రీల రంగు అక్కడ పనికిరాదని వేరే చెప్పక్కర్లేదు.

సైలెన్సర్లకి, పొగ గొట్టాలకి వెండి రంగే ఎక్కువగా ఎందుకు వేస్తారు? అందులో ఉండేది సన్నని అల్యూమినియం రేకులు. వేడికి జిగురు పదార్థం కాలిపోయినా రేకులు ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఇనుముని అంటిపెట్టుకునే ఉంటాయి. భారతీయ ప్రమాణం ఐఎస్ 13183 ఈ రంగుని మూడు రకాలు చేసింది: 600 డిగ్రీలకి ఒకటి, 400కి ఒకటి, 200కి ఒకటి. మూడూ చూడటానికి వెండి రంగే కాబట్టి కొట్లో రకం అడిగి తీసుకోవాలి. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. పై రకం 600 దగ్గర ఆగిపోవడంలో వింతేమీ లేదు.

నలుపులన్నీ ఒకటి కావు. మామూలు నల్లరంగులో ఉండే మసి లాంటి కార్బన్ గట్టి వేడికి కాలిపోతుంది. వేడిని తట్టుకునే నలుపులో ఇనుము, మాంగనీసు, రాగి వంటి లోహాల ఆక్సైడ్లు వాడతారు. పసుపు రంగుదైతే ఇంకా చిత్రం. పసుపు ఐరన్ ఆక్సైడ్ 200 డిగ్రీల చుట్టుపక్కల తనలోని నీటిని కోల్పోయి ఎర్రగా మారుతుంది.

ఈ రంగులకి ప్రాణం సిలికోన్ రెజిన్. సిలికాన్, ఆక్సిజన్ పరమాణువుల బంధమే దాని వెన్నెముక. ఇసుకలోనూ గాజులోనూ ఉండే బంధం అదే. మామూలు రెజిన్లు బూడిదయ్యే వేడికి కూడా ఇది సిలికాగా మిగిలి పట్టు వదలదు.

చెన్నైలో పాత కారు విడిభాగాలంటే పుదుపేట. అక్కడ దొరికిన మానిఫోల్డ్‌కి ఏళ్లనాటి ఆయిలు, సముద్రపు గాలి పెట్టిన తుప్పు రెండూ ఉండొచ్చు. వైర్ బ్రష్ సరిపోదు, ఇసుక బ్లాస్టింగే మేలు. ఆ తరవాత తెల్లగుడ్డకి తిన్నర్ అద్ది తుడిస్తే గుడ్డ తెల్లగానే రావాలి. మరక కనిపిస్తే మళ్లీ తుడవాల్సిందే. వేలిముద్రలోని జిడ్డు చాలు, ఆ చోట రంగు లేచిపోవడానికి. అలవాటుకొద్దీ కింద మామూలు రెడాక్సైడ్ ప్రైమరో, బాడీ పుట్టీయో పెడితే పైన ఎంత ఖరీదైన రంగు వేసినా వాటితోపాటు ఊడిపోతుంది. ఈ జాతి రంగులు చాలావరకు పచ్చి లోహం మీదే వేసేవి. అదీ పలచగా రెండు కోట్లు. మందంగా వేస్తే పొక్కుతుంది.

చెన్నైలో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 45 డిగ్రీలు, 2003 మే 31న. ఇంజిన్ రంగుకి అదొక లెక్కే కాదు. అసలు శత్రువు తేమ. గాలిలో తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత కన్నా లోహం కనీసం 3 డిగ్రీలు వెచ్చగా ఉండాలన్నది పెయింటింగ్ రంగంలో పాటించే నియమం. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో ఆరుబయట ఈ పని పెట్టుకోవద్దనే నా సలహా.

జాగ్వార్ తన ఎక్స్‌కె ఇంజిన్ల మానిఫోల్డ్‌లకి అసలు పెయింటే వేయలేదు. గాజుపొడిని కొలిమిలో కరిగించి పూత పట్టించింది. పాత ఎనామెల్ పళ్లేల మీద ఉండేదీ అలాంటి పూతే. అందంగా ఉంటుంది, ఎక్కడైనా పెళ్లూడితే మాత్రం ఇంట్లో అతుకు వేయలేం.

గ్యాస్కెట్ కూర్చునే చోట, ఆక్సిజన్ సెన్సార్ మీద, ప్లగ్గు మరల్లో ఏ రంగూ పడకూడదు. మాస్కింగ్ టేపు ధారాళంగా వాడండి.

ఆరింది కదా అని పని అయిపోయిందనుకోకూడదు. సిలికోన్ రంగు చాలా రకాల్లో 200 డిగ్రీల దగ్గర గంటసేపు కాగితేనే గట్టిపడుతుంది. ఓవెన్ లేకపోతే ఇంజిన్‌నే పది నిమిషాలు నడిపి, పూర్తిగా చల్లార్చి, మళ్లీ ఇంకాస్త ఎక్కువసేపు నడిపి, అంచెలంచెలుగా వేడి పెంచాలి. మొదట్లో పొగా వాసనా వస్తాయి కాబట్టి షెడ్డు బయట చేయాలి. ఆ వేడి తగలకముందు పెట్రోలు బొట్టు పడితే రంగు తుడిచిన గుడ్డకి అంటుకుని వచ్చేస్తుంది.