పేరు దొరకని సిపాయిలు

మనిషి పోయిన తరువాత ఆ యింటివారు చేయవలసిన పనులు మన ఆచారంలో చాలా ఉన్నాయి. అన్నిటికీ మొదట కావలసింది పేరు. పేరూ గోత్రమూ చెప్పకుండా తిలోదకాలు వదలలేము. అసలు పోయాడో, ఎక్కడైనా బ్రతికి ఉన్నాడో తెలియకపోతే ఆ యింట్లో ఏ పనీ ముందుకు సాగదు. తల్లి ఏడవాలా, ఎదురు చూడాలా అన్నది కూడా తేలదు.

ఈ బాధకు దేశమూ మతమూ లేవు. 1914 నుంచి 1918 వరకు జరిగిన మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు గడ్డమీద పోరాడిన బ్రిటిష్ సైనికుల కుటుంబాలు ఎన్నో ఈ స్థితిలోనే ఉండిపోయాయి. "మీవాడు కనబడుటలేదు" అని సైన్యం నుంచి ఒక కాగితం వచ్చేది. కొన్ని నెలలకు "మరణించినట్లు భావించడమైనది" అని మరొకటి. అంతే సంగతులు. ఆ యుద్ధంలో బ్రిటిష్ సామ్రాజ్యం తరఫున చనిపోయినవారు సుమారు 11 లక్షలమంది. వారిలో 5 లక్షలకు పైగా మనుష్యులకు ఈనాటికీ పేరుగల సమాధి లేదు.

చరిత్ర విద్యార్థిగా నేను ఆ యుద్ధానికి కారణాలూ, కూటములూ, ఒడంబడికలూ అందరిలాగే పరీక్షకోసం కంఠతా పట్టాను. కాని నా మనస్సును పట్టుకున్నది వేరే ప్రశ్న. ఉత్తర ఫ్రాన్సు పొలాలలో ఇప్పటికీ ఎముకలు బయట పడుతూనే ఉన్నాయి. నూరేళ్ళు దాటిన అస్థిపంజరం ఫలానావాడిదని ఎట్లా చెబుతారు? చెప్పలేకపోతే ఏం చేస్తారు? ఆ సంగతే నాకు తెలిసినంతలో మిత్రులకు మనవి చేస్తాను.

పేర్లు ఎందుకు పోయాయి?

సిపాయిల మెడలో పేరు వ్రాసిన బిళ్ళ ఉంటుంది గదా, మరి గుర్తుపట్టడానికి ఇబ్బందేమిటి అని ఎవరికైనా తోస్తుంది. చిక్కంతా ఆ బిళ్ళలోనే ఉంది.

1907లో బ్రిటిష్ సైన్యం అల్యూమినియం బిళ్ళను ప్రవేశపెట్టింది. యుద్ధం మొదలైన ఏడాదే దాని స్థానంలో ఎర్రటి ఫైబరు బిళ్ళ వచ్చింది. రెండింటిలో ఏదైనా మనిషికి ఒక్కటే ఇచ్చేవారు. మనిషి చనిపోతే, మరణవార్త పై అధికారులకు తెలియజేయడానికి తోటివారు ఆ బిళ్ళను తీసుకుపోయేవారు. దాంతో చావు కబురు ఇంటికి చేరేది. కాని ఆ శవం ఎవరిదో చెప్పే ఆధారం మాత్రం శవంమీద మిగిలేది కాదు. తరువాత ఎవరైనా ఆ శవాన్ని చూస్తే అది ఊరూ పేరూ లేనిదే.

ఈ పొరపాటు తెలుసుకుని, 1916 సెప్టెంబరులో రెండు బిళ్ళల పద్ధతి పెట్టారు. ఎనిమిది పలకల ఆకుపచ్చ బిళ్ళ శవంతోనే ఉండాలి. గుండ్రని ఎర్ర బిళ్ళను తీసుకుపోవాలి. అప్పటికి యుద్ధం రెండేళ్ళు గడిచిపోయింది. పైగా ఆ ఫైబరు తడినేలలో చివికిపోయేది. ఈ బిళ్ళలమీద నమ్మకం చాలక కొందరు సిపాయిలు సొంత డబ్బుతో లోహపు బిళ్ళలు చేయించుకుని చేతికి కట్టుకున్నారు. అటువంటి వారిలో కొందరికి ఆ జాగ్రత్తే తరువాత పేరు నిలబెట్టింది.

ఇంకొక కారణం, ఒకే పొలంలో పదే పదే యుద్ధం జరగడం. ఇవాళ పాతిపెట్టి కొయ్య శిలువ నాటితే, రేపు ఫిరంగి గుండు పడి శిలువా, సమాధీ రెండూ ఎగిరిపోయేవి.

1914లో ఈ అవ్యవస్థను గమనించినవాడు ఫేబియన్ వేర్ అనే ఆయన. వయస్సు మీరిందని సైన్యం తీసుకోకపోతే రెడ్‌క్రాస్ వాహనదళానికి నాయకుడుగా ఫ్రాన్సు వెళ్ళాడు. సమాధులు ఎవరివో, ఎక్కడున్నాయో వ్రాసి ఉంచే నాథుడే లేడని చూసి ఆ పని తానే మొదలుపెట్టాడు. ఆ ప్రయత్నమే పెరిగి పెద్దదై, 1917లో రాజశాసనం పొంది ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ అయింది. 1960 నుంచి దాని పేరులో "ఇంపీరియల్" పోయి "కామన్వెల్త్" వచ్చింది.

గడ్డి రంగు చూసి

యుద్ధం ముగిశాక సైన్యం ప్రత్యేక దళాలను పంపి యుద్ధభూమిని చదరాలుగా విభజించి వెతికించింది. నేల పైకి ఏమీ కనబడదు. అయినా అనుభవజ్ఞులకు గుర్తులు తెలిసేవి. నేలలో గుచ్చి ఉన్న తుపాకి ఒక గుర్తు. చుట్టుపక్కల లేనంత పచ్చగా గడ్డి మొలిస్తే అదొక గుర్తు. ఎలుక బొరియ ముందు చిన్న ఎముకముక్కో, గుడ్డపీలికో పడి ఉంటే అది మరొకటి. గుంటలోని నీరు ఆకుపచ్చ నలుపుగా మారినా అక్కడ త్రవ్వేవారు.

ఈ విధంగా 1921 సెప్టెంబరులో పని ఆపేసేలోగా రెండు లక్షలకు పైగా శవాలను తీసి శ్మశానవాటికలలో మళ్ళీ పాతిపెట్టారు. బిళ్ళ దొరకనప్పుడు గుండీలు, టోపీ బిళ్ళ, భుజంమీది ఇత్తడి అక్షరాలు, బూట్ల కొలత, పళ్ళు అన్నీ పరీక్షించేవారు. సిపాయిలు తమ చెంచామీద సైనిక సంఖ్య కొట్టించుకునేవారు. మేజోడులో దోపుకున్న ఆ చెంచాయే ఒక్కొక్కసారి మనిషిని పట్టిచ్చేది. దొరికినదంతా, దొరికిన చోటుతో సహా, ఒక ఫారంలో వ్రాసేవారు.

ఏమీ తేలకపోతే "మహాయుద్ధ సైనికుడు ఒకడు" అని రాతిపలకమీద చెక్కి, క్రింద "దేవుడికి తెలిసినవాడు" అనే అర్థం వచ్చే మాట వేశారు. ఆ మాట ఎంచి యిచ్చినవాడు మన బొంబాయిలో పుట్టిన ఇంగ్లీషు రచయిత రడ్యార్డ్ కిప్లింగ్. సమాధి దొరకనివారి పేర్లను పెద్ద స్మారక కట్టడాలమీద చెక్కారు. 1932లో సోమ్ ప్రాంతంలోని థియప్వాల్ వద్ద వెలసిన కట్టడంమీదనే 72,000కు పైగా పేర్లున్నాయి. అంటే ఒకవైపు పేర్లులేని సమాధులు, మరొకవైపు సమాధులు లేని పేర్లు. ఈ రెండింటినీ జతపరచడమే ఈ పరిశోధన అంతా.

కాగితాల సాక్ష్యం

జత కుదర్చడానికి కాగితాలు కావాలి. మామూలు సిపాయిల సర్వీసు కాగితాలు లండనులో ఒక గిడ్డంగిలో ఉండేవి. 1940 సెప్టెంబరులో జర్మన్ బాంబులు పడి వాటిలో సగానికి పైగా తగలబడిపోయాయి. మిగిలినవి అంచులు కాలి, నీళ్ళకు తడిసి ఉన్నాయి. కాబట్టి ఇతర కాగితాలను ఆశ్రయించవలసి వచ్చింది. ప్రతి బెటాలియనూ రోజువారీగా వ్రాసిన యుద్ధ దినచర్యలు, పతకాల కార్డులు, చనిపోయినవాడి జీతం బాకీ ఎవరికిచ్చారో చెప్పే ఖాతాలు, ఆసుపత్రులలోని క్షతగాత్రులను అడిగి రెడ్‌క్రాస్ వారు సేకరించిన వాఙ్మూలాలు, జర్మన్లు పంపిన మృతుల జాబితాలు - ఇవన్నీ ఆధారాలే.

సైనిక సంఖ్య దొరికితే చాలుననుకోవద్దు. యుద్ధం మొదట్లో ఏ రెజిమెంటు సంఖ్యలు ఆ రెజిమెంటువి. 1234 అనే సంఖ్య గల సిపాయిలు పలు రెజిమెంట్లలో ఉండవచ్చు.

దొరికిన చోటును పటంలో గుర్తించే పద్ధతి కూడా తెలుసుకోదగినదే. సైనిక పటాన్ని 6,000 గజాల వెడల్పుగల పెద్ద చదరాలుగా కోసి ఒక్కొక్కదానికి ఇంగ్లీషు అక్షరం పెట్టారు. దానిలోపల వెయ్యి గజాల చదరాలకు అంకెలు. మళ్ళీ దానిని నాలుగు భాగాలు చేసి చిన్న అక్షరాలు. ఆ పైన పదేసి భాగాలు. ఇట్లా 50 గజాల మేరకు చోటు చెప్పవచ్చు. ఎంత చక్కని పద్ధతి! కాని గుమాస్తా చేతిలో మొదటి అక్షరం ఒక్కటి మారితే శవం మూడు మైళ్ళకు పైగా ప్రక్కకు జరిగిపోతుంది.

ఇహ పరిశోధన నడిచే తీరు. ఒక సమాధిమీద "ఫలానా రెజిమెంటు కెప్టెన్" అని మాత్రమే ఉందనుకుందాం. ఆ రెజిమెంటులో చనిపోయిన కెప్టెన్లందరి జాబితా తీయాలి. సమాధి తెలిసినవారిని కొట్టివేయాలి. ఆ ప్రాంతంలో ఆ కాలంలో లేనివారిని కొట్టివేయాలి. చివరకు ఒక్క పేరు మిగిలితేనే మాట. ఇద్దరు మిగిలితే రాయి అట్లాగే ఉంటుంది.

మట్టిలోంచి వచ్చిన పదిహేనుమంది

2009లో ఉత్తర ఫ్రాన్సులో బోకాం-లిన్యీ అనే గ్రామంవద్ద కట్టడపు పనులలో పదిహేనుమంది సైనికుల అవశేషాలు బయటపడ్డాయి. వారి వస్తువులనుబట్టి యార్క్ అండ్ లాంకాస్టర్ రెజిమెంటువారని తెలిసింది. ఆ రెజిమెంటు రెండవ బెటాలియను 1914 అక్టోబరులో అక్కడ పోరాడింది. ఆ పోరాటంలో చనిపోయి సమాధి దొరకనివారి జాబితా పట్టుకుని, వారి బంధువుల వారసులను వెతికి డి.ఎన్.ఏ. పరీక్షలు చేశారు. తల్లివైపు నుంచి ఒక రకం, తండ్రివైపు నుంచి మరొక రకం డి.ఎన్.ఏ. తరతరాలకు దాదాపు మారకుండా వస్తుంది. కనుక చనిపోయినవాడికి పిల్లలు లేకున్నా అక్క కూతురి కూతురో, తమ్ముడి మనుమడో సరిపోతారు. పదిహేనుమందిలో పదిమందికి పైగా పేర్లు తేలాయి. 2014 అక్టోబరులో, అనగా చనిపోయిన సరిగ్గా నూరేళ్ళకు, సైనిక లాంఛనాలతో వారికి అంత్యక్రియలు జరిగాయి.

ఫ్రొమెల్ వద్ద కూడా ఇటువంటిదే పెద్ద ఎత్తున జరిగింది. 1916 జూలైలో అక్కడ చనిపోయిన ఆస్ట్రేలియన్, బ్రిటిష్ సైనికులను జర్మన్లు గోతులలో పాతిపెట్టారు. మెల్‌బోర్న్‌లో ఉపాధ్యాయుడుగా పనిచేసిన లాంబిస్ ఎంగ్లెజోస్ అనే ఆయన, లెక్క కుదరడంలేదు, ఇంకొక గొయ్యి ఉండి తీరాలని ఏళ్ళతరబడి పోరాడాడు. 2009లో త్రవ్వితే 250 శవాలు దొరికాయి. వారిలో 150 మందికి పైగా ఆస్ట్రేలియన్ల పేర్లు ఇప్పటికి తేలాయి.

కిప్లింగ్ కొడుకు

పేరులేని సమాధులకు మాట యిచ్చిన కిప్లింగ్ కొడుకే పేరులేనివాడైనాడు. జాన్ కిప్లింగ్ ఐరిష్ గార్డ్స్ అధికారి. 1915 సెప్టెంబరు 27న లూస్ యుద్ధంలో పోయాడు. వయస్సు 18 ఏళ్ళు. తండ్రి ఎందరినో అడిగాడు, ఎన్నో చోట్ల వెతికాడు. 1936లో తాను పోయేవరకు కొడుకు సమాధి ఎక్కడో తెలియదు.

1992లో కమిషన్ ఒక పేరులేని సమాధిని జాన్‌దిగా ప్రకటించింది. 1919లో దొరికిన ఆ శవం ఐరిష్ గార్డ్స్ లెఫ్టినెంటుది. ఫారంలో పటపు చదరం "జి" అని ఉన్నది నిజానికి "హెచ్" అయి ఉండాలనీ, అట్లా చూస్తే అది జాన్ పడిపోయిన చోటేననీ వాదన. దీనిమీద ఆక్షేపణ వచ్చింది. జాన్ చనిపోయేనాటికి అతడికి లెఫ్టినెంటు హోదా ప్రకటన కాలేదనీ, భుజంమీద రెండు నక్షత్రాలు ఉండే వీలులేదనీ కొందరన్నారు. తరువాత మరికొందరు కాగితాలన్నీ తిరగవేసి, అతడు ఆ హోదాలోనే పనిచేస్తున్నాడని 2016 నాటికి వాదన బలపరిచారు. కమిషన్ పేరు మార్చలేదు.

అంత పేరున్న కుటుంబం విషయంలోనే, ఒక అక్షరం మీదా, ఒక నక్షత్రం మీదా ఇరవై ఏళ్ళకు పైగా వాదం నడిచింది. చూడడానికి ఇదంతా చాదస్తంగా ఉండవచ్చు. కాని తప్పు పేరు చెక్కితే రెండు కుటుంబాలకు అన్యాయం జరుగుతుంది. ఒకరు పరాయివాడి సమాధికి పూలు పెడతారు; రెండవవారికి తమవాడు దొరికే దారి శాశ్వతంగా మూసుకుపోతుంది. అందుకే స్పష్టమైన, నమ్మదగిన సాక్ష్యం లేనిదే పేరు మార్చకూడదని కమిషన్ నియమం. తెలియనిదాన్ని తెలియదని రాతిమీద ఒప్పుకోవడం కూడా చనిపోయినవాడి పట్ల మర్యాదే.

మనవాళ్ళ మాట

ఆ పొలాలలో మన దేశపు సిపాయిలూ పడిపోయారు. 1915 మార్చిలో భారతీయ దళాలు పోరాడిన నవ్ షపెల్ వద్ద 1927లో కట్టిన స్మారకంమీద 4,700కు పైగా మనవారి పేర్లున్నాయి. వీరందరూ సమాధి తెలియనివారే. 2016లో ఆ ప్రాంతంలో ఒక కాలువ వెడల్పు చేస్తుంటే కొన్ని అవశేషాలు దొరికాయి. భుజంమీది "39" అనే చిహ్నంనుబట్టి ఇద్దరు 39వ గఢ్వాల్ రైఫిల్స్ సిపాయిలని తేలింది. 2017 నవంబరులో లావెంటీ శ్మశానవాటికలో వారిని సైనిక మర్యాదలతో పాతిపెట్టారు. రెజిమెంటు దొరికింది, పేర్లు దొరకలేదు. హిమాలయాల దాపున ఏ పల్లెలో వారి యిళ్ళున్నవో!

మిత్రులారా, చరిత్ర అంటే రాజులూ తేదీలూ అని మనం విసుగుకుంటాం. ఒక తుప్పుపట్టిన చెంచాను, సగం కాలిన కాగితాన్ని, ఒక ముసలమ్మ యిచ్చిన లాలాజలాన్ని ఒకచోట చేర్చి "ఇతడు ఫలానావాడు" అని చెప్పడం కూడా చరిత్రే. దానికి కావలసినవి ఓర్పూ, నిజాయితీ. మన ఊళ్ళనుంచి కూడా సిపాయిలుగా వెళ్ళి తిరిగిరానివారు ఉంటారు. అటువంటివారిని గురించి మీ యింటి పెద్దలకు తెలిసిన కథలుంటే, పాత పెట్టెలో ఒక పతకమో, ఉత్తరమో ఉంటే, ఈ సెలవులలో అడిగి, పేరూ ఊరూ వ్రాసి ఉంచండి. ఎప్పటికో ఎక్కడో బయటపడే ఒక అస్థికకు ఆ కాగితమే పేరు తెచ్చిపెట్టవచ్చు.