పదిమార్లు వినదగిన యొక రికార్డు



రాక్ సంగీతమనగానే మీలో పెక్కురు చెవులు మూసికొందురని నే నెరుగుదును. మనుమడు గదిలో పెట్టిన హోరును భరింపలేక వీథి యరుగుమీదికి వచ్చి కూర్చుండు తాతలు ప్రతి యూరను గలరు. వారిని తప్పుపట్టుట నా యుద్దేశము కాదు. ఆ సంగీతములో హోరు విశేషముగా గలదు. హోరుతప్ప వేరేమియు లేని పాటలును గలవు. కాని ఆ జాతిలోనే, ఒకసారి విన్నచో నేమియు లేనట్లు తోచి, పదిమార్లు విన్న పిమ్మట విడువరానిదగు సంగీతము కొంత యున్నది. అట్టివానిలో నొక్కదానిని గూర్చి, అది యెట్లు పుట్టినది, దాని నెట్లు వినవలెను, అంత శ్రమకు తగినదా కాదా యను సంగతులను నేడు మనవి చేసెదను.

రాక్ సంగీతము 1950 తరువాతి సంవత్సరములలో అమెరికాలో, నల్లజాతివారి బ్లూస్ పాటలనుండియు, అచ్చటి పల్లెపదములనుండియు పుట్టి, కొలదికాలములోనే ఇంగ్లండునకు ప్రాకినది. విద్యుత్తుతో పలుకు గిటారు, డ్రమ్ములు, గొంతెత్తి పాడు గాయకుడు దాని ముఖ్యాంగములు. ఆల్బమనగా నొక్క రికార్డుపై కూర్చిన పాటల సంపుటము. కొన్ని ఆల్బములలో పాటకంటె పాటచుట్టు నావరించియుండు గాలి ముఖ్యము. తెల్లవారుజామున చెరువుగట్టున నిలిచినవానికి ఒక పక్షికూత మాత్రమే వినబడదు. మంచు, చీకటి, దూరమున పోవు బండి చప్పుడు, అన్నియు గలసి మనసునకు పట్టును. అట్టి సంగీతమునే నేడు నేను తలపెట్టితిని.

ఈ ఆల్బము పేరు 'స్పిరిట్ ఆఫ్ ఈడెన్'. ఈడెననగా బైబిలులో చెప్పబడిన ఆదిమోద్యానము. 'టాక్ టాక్' అను లండను బృందమువారు దీనిని 1988 సెప్టెంబరులో వెలువరించిరి. ఆరు పాటలు, మొత్తము సుమారు 41 నిమిషములు. అందు మొదటి మూడును నడుమ తెంపులేక యొకదానిలోనికొకటి ప్రవహించి, దాదాపు 23 నిమిషములు నడచును. బృందనాయకుడు మార్క్ హోలిస్. ఆయనతో గూడ పాటలు కట్టి ఆల్బమును నిర్మించినవాడు టిమ్ ఫ్రీజ్ గ్రీన్. డ్రమ్ములు వాయించినది లీ హారిస్. బేసు గిటారు పాల్ వెబ్. వీరు 1981 లో బృందముగా నేర్పడి, మొదట యువకులు నృత్యము చేయుటకు తగిన పాటలు పాడుచుండిరి. 1986 లో వారు చేసిన 'ది కలర్ ఆఫ్ స్ప్రింగ్' అను ఆల్బము బాగుగా నమ్ముడుపోయి ఇంగ్లండు పట్టికలో 8వ స్థానమునకు చేరినది. ఆ విజయమువలన స్టూడియోలో కావలసినంత కాలము గడుపుటకు వారికి వీలు చిక్కెను. లోకులు మరల అట్టి పాటలనే కోరుచుండగా, వారు చేసిన పని వేరు.

ఆ పని జరిగిన తీరు వినదగినది. 1987, 1988 సంవత్సరములలో లండనులోని వెసెక్స్ స్టూడియోలో దీపము లార్పివేసి, గోడలపై రంగులు కదలాడించు నొక యంత్రమును, మినుకుమినుకుమను స్ట్రోబు దీపమును మాత్రముంచి, ఆ మసకచీకటిలో నెలల తరబడి పనిచేసిరి. శబ్దగ్రహణము చేసిన ఫిల్ బ్రౌన్ దీనిని గూర్చి తన జ్ఞాపకములలో వ్రాసినాడు. బయటినుండి వాద్యగాండ్రను బిలిచిరి. ట్రంపెట్టునకు హెన్రీ లౌథర్, నిలువెత్తు బేసు ఫిడేలునకు డానీ థామ్సన్, మౌతార్గానునకు మార్క్ ఫెల్తమ్, ఫిడేలునకు నైజెల్ కెన్నెడీ. వారికి స్వరము వ్రాసి యిచ్చుట చాలవరకు లేదు. మనోధర్మమున తోచినట్లు వాయింపుమని చెప్పి, వాయించినదంతయు పట్టియుంచి, దానిలో నధికభాగమును పారవైచి, మిగిలిన కొన్ని క్షణములను మాత్రము తీసికొని యొకదానిప్రక్క నొకటి కూర్చిరి. గంపలకొలది పూవులు తెప్పించి పది పూవులతో దండ గట్టినట్లు. మన విద్వాంసుడు రాగమాలపించునపుడు మనోధర్మమున పుట్టినది పుట్టినట్లే యొక్క కూర్చుండుటలో మనకు దక్కును. ఇచ్చటను పుట్టుక మనోధర్మమే కాని, కూర్పు నెలల తరబడి చెవితో చేసిన యేరివేత. ఈ భేదమును గుర్తించినగాని ఆల్బము చిక్కదు.

ఈ వాద్యములన్నియు పరదేశపువి గదా యని మీరనవచ్చును. ఫిడేలును అట్టిదే, క్లారినెట్టును అట్టిదే, మన కచేరీలలో వానికి చోటిచ్చితిమి. మన పద్యనాటకములలో రాగము సాగదీయు నటునికి తోడునిలిచిన హార్మోనియము ఐరోపానుండి వచ్చినదే. ఈ ఆల్బములోను ఫ్రీజ్ గ్రీన్ వాయించిన వాద్యములలో హార్మోనియ మొకటి.

ఇక వినుట. మొదటి పాట పేరు 'ది రెయిన్‌బో', అనగా ఇంద్రధనుస్సు. ఏదో దూరమున సన్నని నాదము. దానిపై ట్రంపెట్టు మెల్లగా నిట్టూర్చును. తాళము వచ్చుటకు ముందే దాదాపు రెండు నిమిషములు గడచిపోవును. మొదటిసారి వినువాడు యంత్రము చెడినదా యని లేచి చూచును. ధ్వనిని పెంచును. అచ్చటనే యతడు చిక్కువడును! ఏలయన, ఇప్పటి రికార్డులలో పెక్కింట మెల్లని ధ్వనియు గట్టి ధ్వనియు నించుమించు సమముగా నుండునట్లు అదిమిపెట్టుదురు. ఇందు అట్లు కాదు. మెల్లనిది నిజముగా మెల్లనిది, గట్టిది నిజముగా గట్టిది. మూడవ పాటయగు 'డిజైర్' గుసగుసవలె సాగుచు సాగుచు నొక్కసారిగా డ్రమ్ములతో, గిటారులతో విరుచుకొనిపడును. ధ్వని పెంచియుంచినవాడు అదరిపడును. కాబట్టి నా మనవి యేమనగా, మొదట ధ్వనిని పెంచకుడు. రాత్రి భోజనములై వీథి సద్దుమణగిన పిమ్మట వినుడు. నాదస్వరము మన యింటికే వచ్చును. వీణకడకు మనమే పోవలెను. ఇది వీణజాతి సంగీతము.

రెండవమారు వినునపుడు ఒక్క వాద్యమునే పట్టుకొనుడు. నా మట్టుకు డ్రమ్ములు మేలని తోచినవి. లీ హారిస్ ఆడంబరము లేక, ఇంజను కట్టిన పడవ నీటిపై పోవునట్లు ఒక్క తీరున నడపును. ఆ నడక చెవికి తెలిసినగాని దానిపై నితరులు ఎంత స్వేచ్ఛగా దిరుగుచున్నారో తెలియదు. మరియొక విశేషము. మొదటి పాటలో గిటారు గద్దవలె అరచినదని తోచు చోట్లు గలవు. పలుమార్లు విన్నమీదట అందు ఊపిరి వినబడును. గిటారునకు ఊపిరి లేదు గదా! అది ఫెల్తమ్ వాయించిన మౌతార్గాను. విద్యుత్తుతో ధ్వనిని పెంచి, పగులదీసి యట్లు చేసిరి. తిరునాళ్లలో పిల్లలకు గొనిపెట్టు చిన్న వాద్యమే. ఈ సంగతి తెలిసిన పిమ్మట ఆ యరుపులోని ఆర్తి తగ్గదు. మనుష్యుని ఊపిరి కనుక హెచ్చును.

అటుపిమ్మట నిశ్శబ్దమును వినవలెను. హోలిస్ తనకు మౌనమనిన నెంత ప్రీతియో ముఖాముఖీలలో దాచక చెప్పినవాడు. ఇందు స్వరమునకు స్వరమునకు నడుమ విడిచిన చోటు ఊరక విడిచినది కాదు. ట్రంపెట్టు ఆగినపిమ్మట దాని ధ్వని గదిగోడలకు దాకి యెట్లు సమసిపోవుచున్నదో అదియు పాటలో భాగమే. నాలుగవ పాటయగు 'ఇన్హెరిటెన్సు' నడుమ క్లారినెట్టు, బసూను మొదలగు ఊదు వాద్యములు మాటిమాటికి వచ్చి పోవును. ఆరింటిలో నాకు తక్కువ రుచించినది ఆ పాటయే యైనను, అవి వెడలిపోయిన తరువాతి ఖాళీ మాత్రము చక్కగా నున్నది.

ఇచ్చట మీలో నొకరు నన్నడుగవచ్చును: "అయ్యా, ఏ చప్పుడైనను పదిమార్లు వినిన నలవాటగును. బియ్యపు మరప్రక్కన కాపురమున్నవానికి మర ఆగినచో నిద్రపట్టదు. మీకు పట్టినది సంగీతమా, అలవాటా?" ఈ ప్రశ్న న్యాయమైనది, నేనును దీనిని నాకు వేసికొంటిని. మర చప్పుడు పదవనాడును మొదటినాటి చప్పుడే. మనము చేసినదెల్ల దానిని వినుట మానుట. అలవాటు చెవిని మొద్దు చేయును. ఈ ఆల్బమువంటిది విన్నకొలది, క్రిందటిమారు లేనిదేదో యొకటి వినబడుచుండును. చెవికి పదును వచ్చును. ఈ రెంటికిని గల భేదమును ఎవరికి వారే పరీక్షించుకొనవచ్చును. చీకటిగా, మందముగా నుండి లోపలనేమియు లేని రికార్డులును ఈ తరగతిలో పెక్కులున్నవి గనుక, నేను పెట్టుకొన్న నియమము మూడు మారులు. మూడవమారును క్రొత్తదేమియు వినబడనిచో దానిని మూలబెట్టుదును. ఇంటిలో చేయవలసిన పనులు లేవా!

గాయకుని మాటలు తెలియుట లేదని చింతింపకుడు. ఆంగ్లేయులకే అవి స్పష్టముగా తెలియవు; ఆయన మాటలను నమిలి మ్రింగినట్లు పాడును. రికార్డు అట్టలో అచ్చువేసిన పాటలును ఆయన స్వహస్తపు వ్రాతయే, అదియు చదువుట కష్టము. అయినను ఒక పాటలోని విషయము మాత్రము మీకు చెప్పవలసియున్నది. ఐదవదియగు 'ఐ బిలీవ్ ఇన్ యూ', అనగా నిన్ను నమ్ముచున్నాననుట, హెరాయినను మత్తుమందును గూర్చినది. మత్తుపదార్థముల బాధ మన యూళ్లకును దూరమైనది కాదు. యువకులు గల యింటి పెద్దలకు ఇది పరదేశపు సంగతి కానేరదు. మార్కును సంగీతమునకు దెచ్చిన అన్న ఎడ్ హోలిస్ ఆ వ్యసనమునకు లోనై 1989 లో మరణించినాడు. పాట అంతకు ముందే వెలువడినది. ఆ రెంటిని ముడివేయుట నా పని కాదు. కాని పాటలో తిట్టు లేదు, బుద్ధి చెప్పుట లేదు. డ్రమ్ములు ఒక్క తీరున నడచుచుండగా చెమ్స్‌ఫర్డు పట్టణపు పెద్ద చర్చిలోని గాయకబృందపు గొంతులు పైనుండి దిగివచ్చును. చేయి జారిపోవుచున్నవాని ప్రక్కన మాటలాడక కూర్చుండినట్లుండును. అట్లు కూర్చుండినవారికి ఆ చోటు తెలియును.

ఆల్బము వెలువడినపుడు ఇంగ్లండు పట్టికలో 19వ స్థానముకంటె పైకి పోలేదు. ముక్కలు ముక్కలుగా కూర్చిన సంగీతము కావున దీనిని వేదికపై వాయింపను లేదు. వారు 1986 తరువాత కచేరీలే మానివేసిరి. 1991 లో 'లాఫింగ్ స్టాక్' అను మరియొక ఆల్బము చేసి బృందము విడిపోయినది. 1998 లో హోలిస్ తన పేరనే యొక్క ఆల్బము చేసి, పిదప సంగీతరంగమును విడిచి యింటిపట్టున నుండి, 2019 ఫిబ్రవరిలో 64వ యేట గతించినాడు. ఈలోపల 'స్పిరిట్ ఆఫ్ ఈడెన్' చేతినుండి చేతికి, నోటినుండి నోటికి ప్రాకినది; 1990 తరువాత 'పోస్ట్ రాక్' అని పేరుపడిన శాఖకు మూలపురుషులలో నొకటిగా దీనిని లెక్కింతురు. ఇప్పుడు చేతిలోని ఫోనుతోనే వినవచ్చును. మనుమని నడుగుడు, వెదకిపెట్టును, కూడ కూర్చుండుమనుడు.

కడపటి పాట 'వెల్త్', అనగా సంపద. అందు డ్రమ్ములు లేవు. పియానో, ఆర్గాను, ఒక్క గొంతు, ప్రార్థనవలె నుండును. గొంతు ముందుగా తొలగిపోవును. ఆర్గాను మిగిలి, సన్నమై, ఇంకను సన్నమై పోవును. అది ఆగినదో, ఇంకను వినబడుచునే యున్నదో కొంతసేపు తెలియదు.