పెండ్లికారు ప్లేటు ఏ రంగు?

“దారిలో ఎవరన్నా ఆపితే చుట్టాలమని చెప్పండి సార్.”

అనంతపురం నుంచి కదిరి వైపు పెండ్లికి బయల్దేరిన బాడుగ కారులో డ్రైవర్ మాతో అన్న మాట ఇది. ముందు బంతిపూల దండలు, వెనక వైట్ బోర్డు. అంటే సొంతానికి వాడుకునే కారు. బాడుగకు తిప్పాలంటే పసుపు ప్లేటు, పర్మిట్ ఉండాల్సిందే. మా మామ నవ్వి, “సరేలేప్పా, చుట్టమే అనుకో” అన్నాడు.

ఆ అబద్ధం ఖరీదు ప్రమాదం జరిగినప్పుడు తెలుస్తుంది. సొంత కారు ఇన్సూరెన్స్ పాలసీలో బాడుగకు తిప్పకూడదనే షరతు ఉంటుంది. కంపెనీ చేతులెత్తేయడానికి అదొక్కటి చాలు. పర్మిట్ లేకుండా తిప్పితే 10,000 రూపాయల జరిమానా, 6 నెలల దాకా జైలు అని చట్టంలో ఉంది. నాకు అంతకంటే భయం పుట్టించేది ఫిట్‌నెస్ సంగతి. పసుపు ప్లేటు బండిని 8 ఏళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆపైన ఏటా పరీక్షకు తీసుకుపోవాలి. తెల్ల ప్లేటుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. అంతదాకా బ్రేకులు ఎట్లున్నాయని అడిగే నాథుడే లేడు.

బ్రేకులంటే అమెరికా సంగతి ఒకటి చెప్పాలి. సినిమాల్లో చూస్తామే, పొడవాటి లిమోజిన్... చాలావాటిని మామూలు బండిని మధ్యకు కోసి సాగదీసి తయారుచేస్తారు. 2018 అక్టోబర్ 6న న్యూయార్క్ రాష్ట్రంలోని స్కోహరీలో అట్లాంటిదే ఒకటి దిగుడులో బ్రేకులు పడక దూసుకుపోయింది. 20 మంది చనిపోయారు. పుట్టినరోజు పార్టీకి పోతూ, తాగి నడపడం ఎందుకని బాడుగకు మాట్లాడుకున్న బండి అది! నెల ముందే తనిఖీలో ఫెయిలైంది. డ్రైవర్‌కు ఆ రకం బండి నడిపే లైసెన్సూ లేదు. బాడుగకిచ్చిన సంస్థను నడిపినాయనకు 2023లో జైలుశిక్ష పడింది.

మన దగ్గర అట్లా కోసి అతికించడం కుదరదు. కంపెనీ ఇచ్చిన స్వరూపాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ ఆ మాటే ఖాయం చేసింది. అయినా మార్పులు ఆగాయా? 2025 అక్టోబర్ 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో కాలిపోయిన ట్రావెల్స్ బస్సు సీటింగ్‌ది. దాన్ని స్లీపర్‌గా మార్చారని తర్వాత బయటపడింది. అందులో 19 మంది ప్రయాణికులు పోయారు. హైదరాబాద్ నుంచి అది మన అనంతపురం మీదుగానే బెంగళూరు పోవాల్సిన బస్సు.

పెండ్లి పనుల్లో ఇవన్నీ ఎవరు చూస్తారంటారా? అడ్వాన్స్ ఇచ్చే ముందే బండి నంబర్ అడగండి. ఫోన్‌లో ఎంపరివాహన్ యాప్ తెరిచి ఆ నంబర్ కొడితే అది సొంత బండో, బాడుగ బండో, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉన్నాయో కనిపిస్తాయి. ఆఖరి నిమిషంలో బండి మార్చి పంపితే ఆ నంబర్ కూడా కొట్టి చూడండి, పూలు కట్టకముందే.