పడవలు బాగుచేసే మిత్రునికి పనిముట్టు కానుక

మిత్రునికి గ్రంథమో, కలమో కానుకగా ఇవ్వడం సులభం. చదివినా చదవకపోయినా అతడు దానిని అలమరలో దాచుకుంటాడు. పనివానికి పనిముట్టు ఇవ్వడం అట్లా కాదు. అది పనికి నప్పకపోతే మొదటిరోజే తేలిపోతుంది. మర్యాదకొద్దీ అతడు నోరు మెదపడు, అంతే.

ఈ సంగతి నాకు తాళ్ళరేవులో తెలిసింది. గోదావరి సముద్రంలో కలిసే ఆ ప్రాంతం పూర్వం నుండి ఓడల నిర్మాణానికి పేరుపొందినది. పక్కనున్న కోరంగి రేవు 1839 నాటి తుపానుకు ఛిన్నాభిన్నమైనా, కొయ్యపడవల పని ఆ చుట్టుపట్ల నిలిచింది. అక్కడ పడవలు మరమ్మతుచేసే నా బాల్యమిత్రునికి ఒక పండుగనాడు మేలైన ఉక్కు ఉలి కొనిపోయాను. అతడు బొటనవేలితో అంచు తడిమి, నవ్వి, "తలుపుల పనికి బాగుంటుంది భాయ్" అన్నాడు.

కారణం తరువాత బోధపడింది. పడవ పలకల నడుమ సందులలో నూలు కూరి, దానిపై గుగ్గిలమూ నూనె కలిపిన ముద్ద పట్టిస్తారు. ఓడవారి హిందుస్తానీలో దీనినే కాలాపత్తీ అంటారు. నూలును లోపలికి దిగగొట్టే ఇనుప పనిముట్టు చూపునకు ఉలివలెనే ఉంటుంది గాని, దాని మూతి మొండిగా ఉండాలి. పదునుగా ఉంటే నూలుపోగులను తెంపుతుంది, పలక అంచును గాయపరుస్తుంది. ఆ గాటునుండి నీరు ఊరిందంటే నడిసముద్రంలో ఉన్నవారి ప్రాణాలకే ముప్పు. అట్లని బలమంతా చూపి కూరడమూ తప్పే. నీటిలో కొయ్య ఉబ్బుతుంది. సందులో చోటు లేకపోతే ఆ ఒత్తిడి మేకులమీద పడుతుంది. ఎంత గట్టిగా కొట్టాలో కొయ్యసుత్తి చప్పుడును బట్టే గ్రహిస్తానని నా మిత్రుడంటాడు. అందుచేత, ఏళ్ళ తరబడి అరచేతికి అలవాటైన సుత్తికి, బాడిసకు బదులు కొత్తవి కొనిపెట్టడం నా దృష్టిలో మంచిది కాదు.

మిత్రుడు ఫైబరు పడవలు బాగుచేసేవాడైతే లెక్క వేరు. పగిలినచోట పాతపొరను అరగదీసి, గాజునార పరచి, రెసిన్ పూసి, గాళ్ళున్న చిన్న లోహపు రోలరుతో అణచి గాలిబుడగలను వెళ్ళగొట్టాలి. బుడగ మిగిలినచోట బలం ఉండదు. రెసిన్ త్వరగా గడ్డకడుతుంది. వెంటనే కడగకపోతే రోలరూ బిగుసుకుపోతుంది. కనుక రెండవ రోలరు ఎప్పుడైనా అక్కరకు వస్తుంది. అరగదీసేటప్పుడు లేచే గాజుధూళి ఊపిరితిత్తులకు చేటు. ముక్కుకు రుమాలు కట్టుకుంటే చాలదు. వడపోత గల మంచి మాస్కు, కంటికి రక్షణ అద్దాలు పనిముట్లు కావని ఎవరన్నా నేను ఒప్పుకోను.

కొనేముందు ఒకపూట అతని పనిచోట కూర్చోండి. పక్కవాని దగ్గర ఏది ఎరువు తెస్తున్నాడో, విరిగినదేదానికి తాడు చుట్టి నెట్టుకొస్తున్నాడో చూడండి. దుకాణదారుకన్న ఆ తాడే మంచి సలహాదారు. నేను రెండవసారి అట్లాగే చూశాను. కొత్త పలకను పడవ వంపునకు అదిమిపట్టే క్లాంపులు అతనికి చాలడం లేదు. వాటికోసం రోజుకు నాలుగుసార్లు పక్క పాకకు పోతున్నాడు. రెండు క్లాంపులు కొనిచ్చాను. విప్పిన కాగితం మడవకుండానే వాటిని పలకకు బిగించాడు.

ఆ ఉలి మాత్రం వారి ఇంట్లోనే ఉంది. వానాకాలంలో తలుపులు ఉబ్బి పట్టేసినప్పుడు బయటికి తీస్తారట.