పెరటిలోని పెద్ద డిష్షు, దానికి తగిన మోటారు

తిరువొత్తియూరు అనగానే మనవారికి ముందుగా గుర్తుకువచ్చేది త్రిపురసుందరీ అమ్మవారూ, ఆమెపై త్యాగరాజస్వామి చెప్పిన అయిదు కృతులూను. ఆ తరువాత కర్మాగారాలు. 1946లో బొమ్మ బెలూన్లు చేసే చిన్న పాకగా మొదలైన ఎం.ఆర్.ఎఫ్. యిక్కడిదే, ఎన్‌ఫీల్డు మోటారు సైకిళ్ళు యిక్కడివే, మన వెలగపూడి రామకృష్ణగారి కె.సి.పి. సంస్థవారి ఇంజనీరింగు కర్మాగారమూ యిక్కడిదే. ఇనుముతో యింత పొత్తు వున్న వూరిలో, పాత యిళ్ళ పెరళ్ళలోనూ డాబాల మీదా, తొంభైల నాటి పెద్ద డిష్షులు యింకా అక్కడక్కడా మిగిలివుండటంలో వింత లేదు. కొన్నిటి నీడన తులసికోట వున్నది. కొన్నిటిలో వడియాలు యెండుతున్నాయి.

వీటిని పాత ఇనుప సామాన్లవానికి తూకానికి వేయటమా, మోటారు బిగించి మళ్ళీ వాడుకోవటమా అన్న ప్రశ్న చాలా యిళ్ళలో వస్తూవుంటుంది. ఒక్క సంగతి మొదటే చెప్పుకోవాలి. రుసుము కట్టి చూసే చానళ్ళను పెద్ద డిష్షు ఉచితంగా తెచ్చిపెట్టదు. అవి తాళం వేసిన పెట్టెలవంటివి. దూరదర్శన్‌వారి ఫ్రీ డిష్ మాత్రమే చాలుననుకునేవారికి 93.5 డిగ్రీల వైపు కదలకుండా నిలిపిన చిన్న డిష్షు సరిపోతుంది, మోటారు ఖర్చు దండగ. ఒకే ఉపగ్రహంతో తృప్తిపడక, ఆకాశంలో యీ కొసనుంచి ఆ కొసదాకా వెదికి, బాహాటంగా వచ్చే ప్రసారాలన్నీ పట్టుకోవాలన్న కోరిక గలవారికే యీ వ్యాసం.

ఆ కోరికకు మూలం వెనకటిది. భూమితో సమానంగా తిరిగే ఉపగ్రహాల ద్వారా ప్రసారాలు చేయవచ్చునని ఆర్థర్ క్లార్క్ 1945లోనే వ్రాశాడు. 1975 ఆగస్టునుంచి ఏడాదిపాటు మన దేశంలో ఆరు రాష్ట్రాల పల్లెలకు అమెరికావారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహం ద్వారా టెలివిజను చూపించారు. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కోళ్ళ గూటి వలవంటి తీగవలతో చేసిన మూడు మీటర్ల డిష్షులు ఆనాడు పంచాయతీ కచేరీల దగ్గర నిలిచాయి. 1990లో ఆసియాశాట్-1 పైకి వెళ్ళింది, 1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి, పట్నం డాబాల మీద డిష్షులు మొలిచాయి.

ఇక పనిలోకి వద్దాం. ఈ ఉపగ్రహాలన్నీ భూమధ్యరేఖకు నేరుగా పైన, ఒకే వలయంలో వున్నాయి. తిరువొత్తియూరు ఉత్తర అక్షాంశం 13 డిగ్రీల పైచిల్లర, రేఖాంశం 80.3. అందువల్ల మన దక్షిణాన వుండే ఉపగ్రహం నెత్తి మీద నుంచి పదిహేను, పదహారు డిగ్రీలు మాత్రమే వాలివుంటుంది. డిష్షు దాదాపు ఆకాశంవైపు వెల్లకిలా పడుకున్నట్టే. ఇది మనకు పెద్ద వరం. 105.5 డిగ్రీల స్థానంలో వున్న ఉపగ్రహం కూడా నేలనుంచి 57 డిగ్రీల యెత్తున కనబడుతుంది గనుక, పక్కన నాలుగంతస్తుల యిల్లు లేచినా పెరటిలోని డిష్షుకు సాధారణంగా అడ్డు రాదు. అడ్డు వచ్చేది పైన వాలిన కొబ్బరి మట్ట.

అయితే వరంతోపాటు ఒక చిక్కు. డిష్షును వరుసగా ఉపగ్రహాల మీద నడిపించాలంటే ఒకే ఇరుసు మీద తూర్పుపడమరలుగా వూపాలి. ఆ ఇరుసు భూమి ఇరుసుకు సమాంతరంగా వుండాలి. ఐరోపాలో ఆ ఇరుసు యాభై డిగ్రీలు నిక్కి వుంటుంది. మనకు పదమూడే, దాదాపు నేలబారుగా పడుకున్నది. కాబట్టి మన డిష్షు ఉయ్యాలను తలక్రిందులు చేసినట్టు వూగుతుంది: బరువంతా ఇరుసుకు పైన. నడిమి చోటు దాటగానే అది రెండో పక్కకు వాలుతుంది. అంతవరకు నెట్టుతున్న మోటారు గొట్టం, ఆ క్షణంనుంచి లాగిపట్టవలసి వస్తుంది. గొట్టానికీ, చీలలకూ ఏమాత్రం వదులు వున్నా డిష్షు అక్కడ టక్కున పడుతుంది. సరిగా ఆ నడిమి చోటుకు దగ్గరలోనే 83 డిగ్రీల మన ఇన్సాట్, జీశాట్ స్థానం వున్నది. చల్లని దేశాలవారు వ్రాసిన సలహాలు మనకు అతకనిది యిక్కడే. వారికి వదులు చిన్న లోపం; మనకు అదే మొదటి పరీక్ష. కొట్లో యాక్చుయేటరును చేతిలోకి తీసుకొని, లోపలి గొట్టాన్ని గట్టిగా ముందుకూ వెనుకకూ వూపి చూడాలి. చప్పుడైతే అక్కడే పెట్టి రావాలి.

యాక్చుయేటరు అంటే ఒక గొట్టంలోనుంచి మరొక గొట్టం మరమేకు బలంతో బయటికి పొడుచుకువచ్చే యంత్రం. వెనుక చిన్న మోటారు, పళ్ళచక్రాలు. డిష్షులకు వాడేవి చాలా భాగం 36 వోల్టుల డి.సి. మీద నడుస్తాయి. వీటిని కొలిచేది గొట్టం యెంత సాగుతుందో దానిబట్టి: 18 అంగుళాలు, 24, 36. ఇందులో యేది కావాలన్నది దుకాణదారు చెప్పేది కాదు, మన డిష్షు చెప్పేది. 55 డిగ్రీలనుంచి 105.5 వరకు చూడాలంటే ఇరుసు మీద ఇంచుమించు 59 డిగ్రీలు తిరగాలి. 60 డిగ్రీల కోణానికి జ్యా వ్యాసార్ధంతో సమానమని బడిలో చదువుకున్నదే. ఇరుసునుంచి గొట్టం కొస బిగించే చోటుకు 20 అంగుళాల దూరం వుంటే, ఆ 60 డిగ్రీలకు గొట్టం సుమారు 20 అంగుళాలు సాగాలి. 24 అంగుళాలది తీసుకుంటే రెండు కొసలా రెండేసి అంగుళాలు మిగులుతాయి. అదీ లెక్క. ఎనిమిదడుగుల డిష్షుకు యిది చక్కగా కుదురుతుంది. పన్నెండడుగులదానికి బిగింపు 30 అంగుళాల దూరాన పెట్టి, 36 అంగుళాల గొట్టం వాడటం మంచిది. ఆరడుగులదానికి 18 చాలును.

దూరం తగ్గించి పొట్టి గొట్టంతో సరిపెట్టుకుంటే డబ్బు మిగులుతుంది కదా అనేవారు కద్దు. గాలి సంగతి మరచినవారు అలా అంటారు. డిష్షు అంచు ఇరుసుకు నాలుగడుగుల దూరాన వున్నది. అంచు క్రింద దూరిన గాలి 20 కిలోల బలంతో యెత్తితే, 20 అంగుళాల దగ్గర పట్టుకున్న గొట్టం మీద 48 కిలోలు పడుతుంది. అదే 12 అంగుళాల దగ్గర పట్టుకుంటే 80. మనది సముద్రపు వొడ్డు. 2016 డిసెంబరు 12న వర్ధా తుపాను యీ నగరంలో చెట్లను యేమి చేసిందో చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. గాలికి యెదురుగా నిలబెట్టిన యెనిమిదడుగుల రేకు డిష్షు మీద గంటకు 100 కిలోమీటర్ల గాలి 270 కిలోల పైగా తోపు పెడుతుంది. తెగి యెగిరితే పడేది పక్కవారి రేకుల కప్పు మీద. అందుకని యాక్చుయేటరు మీద వ్రాసిన రెండు అంకెలూ అడిగి తెలుసుకోవాలి: కదిలిస్తూ మోయగలిగేది, కదలకుండా పట్టుకోగలిగేది. గాలికి లెక్క రెండోదే. తుపాను వార్త వినగానే డిష్షును నడిమికి తెచ్చి, రెండు అంచులనూ స్తంభానికి తాళ్ళతో కట్టి, మోటారుకు కరెంటు తీసేయాలి. కట్టివున్న డిష్షును పిల్లలు రిమోటుతో తిప్పితే గొట్టం వంగుతుంది.

మరమేకులో రెండు రకాలు. సామాన్యమైన దళసరి మర ఆగినచోట ఆగుతుంది. బరువు తోసినా వెనక్కు తిరగదు. గుండ్లు పొదిగిన మర సులువుగా తిరుగుతుంది, అరుగుదల తక్కువ, కాని దానికి వేరే బ్రేకు లేకపోతే గాలికి తనంతట తానే జారుతుంది. మన డిష్షు నెత్తిన బరువు పెట్టుకొని వూగేది గనుక, బ్రేకు వున్నదని రూఢి అయితే తప్ప మొదటి రకమే మేలు.

డిష్షు యెంత కదిలిందో గదిలోని పెట్టెకు తెలిపేది లోపలి రీడ్ స్విచ్; కొన్నిటిలో హాల్ సెన్సారు. గొట్టం సాగుతున్నకొద్దీ అది టిక్కులు లెక్కపెట్టి పంపుతుంది. అంగుళానికి 40 టిక్కులు వస్తాయనుకుందాం; మన కొలతతో ఒక్కొక్క టిక్కు డిగ్రీలో ఇంచుమించు పదమూడో వంతు. ఎనిమిదడుగుల డిష్షు సి-బాండులో చూసే చూపు రెండు డిగ్రీల పైచిలుకు వెడల్పు గనుక నాలుగైదు టిక్కుల తేడా వచ్చినా బొమ్మ పోదు. కె.యు. బాండుకు ఆ చూపు ముప్పాతిక డిగ్రీయే. అక్కడ తేడా తెలుస్తుంది. పెట్టెకూ సెన్సారుకూ పొత్తు కుదురుతుందో లేదో కొనకముందే చూసుకోవాలి. మోటారుకు దళసరి తీగ వేయండి. పెరటినుంచి గదికి 30 మీటర్లయితే, అర చదరపు మిల్లీమీటరు రాగితీగలో మూడు ఆంపియర్లకు ఆరు వోల్టులు దారిలోనే పోతాయి. ఒక చదరపు మిల్లీమీటరుదైతే మూడే. సెన్సారు తీగకు పైన జల్లెడ కవచం వుండాలి, లేకుంటే మోటారు గోల కూడా టిక్కుల్లో కలిసి లెక్క తప్పుతుంది.

చిన్న డిష్షులకు అమ్మే డైసెక్ మోటార్లు పెద్దదానికి పనికిరావు. అవి మీటరు, మహా అయితే 1.2 మీటర్ల వరకే. ఆకాశం యీ చివరనుంచి ఆ చివరికి తిప్పే పళ్ళచక్రాల పెట్టెలు వేరే వున్నాయి. ఖరీదెక్కువ, మనకు కావలసింది 60 డిగ్రీలే. ఆ డబ్బు మంచి గొట్టానికీ, సిమెంటు దిమ్మకూ పెట్టడం తెలివైన పని అని నా అభిప్రాయం. ఇప్పుడు సూర్యుని వెంట తిరిగే సౌర పలకలకు యిటువంటి యాక్చుయేటర్లనే వాడుతున్నారు గనుక దొరకడం కష్టం కాదు. కాని వాటిలో 24 వోల్టులవి కద్దు, టిక్కుల సెన్సారు లేనివీ కద్దు.

వుప్పుగాలి సంగతి వేరే చెప్పాలి. చీలలు, నట్లు స్టెయిన్‌లెస్‌వి, స్తంభానికి జస్తుపూత. గొట్టం సాగే చోట రబ్బరు తొడుగు వుండాలి. మోటారు డొప్పకు అడుగున చిన్న రంధ్రం వుంటుంది. నీరు పోతుందేమోనని చాలామంది దాన్ని మైనంతో మూసేస్తారు. లోపల చేరిన చెమట పోవడానికే ఆ రంధ్రం. అది ఎప్పుడూ నేలవైపే చూడాలి. ఐప్పసి వానలు పట్టకముందే తొడుగు చిరిగినదేమో చూసి గ్రీజు పెట్టాలి. వెల్లకిలా పడుకున్న రేకు డిష్షులో నీరు నిలవకుండా దానికీ ఒక బెజ్జం అవసరం.

స్తంభం నిట్టనిలువుగా లేకపోతే ఏ యాక్చుయేటరూ ఆదుకోదు. మట్టపు గుండుతో నాలుగు పక్కలా చూడండి. దక్షిణం తేల్చుకోవడానికి దిక్సూచికన్న మధ్యాహ్నపు నీడ నమ్మదగినది. ఐతే ఏప్రిల్ చివరి వారంనుంచి ఆగస్టు మూడోవారం దాకా సూర్యుడు మన నెత్తికి ఉత్తరాన పోతాడు, ఆ రోజుల్లో నీడ దక్షిణానికి పడుతుంది. డిసెంబరు అన్నిటికన్న మంచిది. మన గడియారానికి నీడ పొట్టిదయ్యేది పన్నెండింటికి కాదు. ఏడాది సగటున పన్నెండూ తొమ్మిది నిమిషాలకు. రోజు రోజుకు ఆ నిమిషాలు మారతాయి గనుక, ఒక అరగంటపాటు నీడ కొసను గుర్తు పెడుతూ అన్నిటికన్న పొట్టిది ఏరుకోవాలి.

ఇరుసు సరిగా కుదిరిందా అన్నదానికి ఖర్చులేని పరీక్ష ఒకటి వున్నది. మార్చి నెల మధ్యలోనూ, సెప్టెంబరు నెలాఖరులోనూ కొద్దిరోజులు సూర్యుడు మన ఉపగ్రహాల దారినే పోతాడు. ఆ రోజు ఉదయం పదింటికి డిష్షును సూర్యునివైపు తిప్పి, మధ్యనున్న ఫీడు నీడ డిష్షు నడిబొడ్డున పడేట్టు చేయండి. పదకొండింటికి, పన్నెండింటికి, ఒంటిగంటకు, రెండింటికి యాక్చుయేటరు మీట మాత్రమే నొక్కి మళ్ళీ మళ్ళీ సరిచూడండి. నీడ ప్రతిసారీ నడిబొడ్డుకే వస్తే స్తంభం, ఇరుసు, గొట్టం అన్నీ కుదిరినట్టు. ఉదయం ఒక పక్కకూ, సాయంకాలం రెండో పక్కకూ తప్పితే ఇరుసు దక్షిణోత్తరాలకు నిలవలేదన్నమాట. స్తంభం పట్టీ వదులుచేసి, వేలెడు తిప్పి, మరునాడు మళ్ళీ చూడాలి.